గడ్డకట్టనీ!

మధ్యాహ్నం అన్నానికని బయటికొచ్చాం. అంతే, మా వెనకే గేటు మూసి తాళం వేశారు. మా చొక్కాలు ఇంకా లోపల మేకులకే వేలాడుతున్నాయి. ఫౌండ్రీ మూసేశామని గేటుకు కాగితం అంటించారు. ఇన్నేళ్ల చాకిరీకి అదీ మర్యాద!

ఆ తొందరలో ఓనరు మహానుభావుడు కొలిమి నిండా కరిగిన ఇనుముందన్న సంగతే మరిచాడు.

కాసేపటికే మేనేజరు పక్క తలుపు దగ్గరికి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. కూలి చవగ్గా దొరికేచోట ఓనరు కొత్త ఫౌండ్రీ కడుతున్నాడు. కొలిమి అక్కడికి తరలిపోవాలి. లోపల ఇనుము గడ్డకడితే ఆ కొలిమి ఇక ఎందుకూ పనికిరాదు.

"పెద్దాయనా, నలుగుర్ని తీసుకుని రా. ఇనుము వంపేయండి. ఆ నలుగురికీ కొత్తచోట ఉద్యోగం ఖాయం" అన్నాడు కొలిమి చూసుకునే తాతతో.

మాలో మాకే గొడవ మొదలైంది.

"కొలిమిని మనమే చంపుకుంటే, రేపు ఫౌండ్రీ తెరవమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?" అన్నాడు క్రేన్ నడిపే బావ.

"ఊడబీక్కుపోయేవాడు మళ్లీ తెరుస్తాడా, పిచ్చిమొహమా!" అని ఎవరో గయ్యిమన్నారు.

ఇసుక అచ్చులు చేసే వదిన లేచింది. "మా ఆయన ఒళ్లు కాలి నేలమీద కొట్టుకుంటుంటే ఓనరేమన్నాడు? ఇనుము గడ్డకడుతుంది, ముందు అచ్చుల్లో పోత కానివ్వండన్నాడు. పోత అయ్యాకే ఆస్పత్రికి బండొచ్చింది. ఆలోపే మనిషి పోయాడు. ఇప్పుడు గడ్డకట్టనీ!"

తాత తల దించుకున్నాడు. "ఆ రోజు పోసింది నేనేనమ్మా."

"తెలుసు మామా. ఇవాళ పొయ్యకు."

తాత లేచాడు. వెళ్లి పక్క తలుపుకు అడ్డంగా చతికిలబడ్డాడు. క్రేన్ బావ కాసేపు గింజుకుని, ఏదో గొణుక్కుంటూ ఆయన పక్కనే కూర్చున్నాడు. తర్వాత అందరం కూర్చున్నాం. ఇనుము వంపడానికి మేనేజరు తెచ్చిన కిరాయి మనుషులు మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయారు.

పొద్దు గూకుతుండగా పోలీసులొచ్చారు. ముందు తాతనే ఈడ్చి వ్యానులో పడేశారు. ఆ ఖాళీలోకి వదిన జరిగింది. లాఠీలు విరిగేలా కొట్టారు. ఒక్కొక్కరినీ పీకి లోపలికి విసురుతుంటే, మిగిలినవాళ్లం జరిగి ఆ ఖాళీ పూడ్చాం. నొప్పి కంటే కసే ఎక్కువగా ఉంది. అందరి కళ్లూ ఫౌండ్రీ పైకిటికీలో కనిపించే ఎర్రటి వెలుగు మీదే ఉన్నాయి.

చివరికి వదినను జుట్టు పట్టి వ్యానులోకి తోశారు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

తాత ఆత్రంగా అడిగాడు. "ఇంకా ఎర్రగా ఉందా అమ్మా?"

వదిన నవ్వింది. "నల్లబడింది మామా! చచ్చింది!"

వ్యాను రేకులు అదిరేలా అందరం గుద్దాం. తాత కిటికీ ఊచలు పట్టుకుని, బయట గుమిగూడిన మా ఇళ్లవాళ్లకు వినబడేలా అరిచాడు.

"కొత్త ఫౌండ్రీ కూలీలకి కబురంపండ్రా! ఓనరు ఒట్టి చేతుల్తో వస్తున్నాడని చెప్పండి!"