పసుపు లేని పటం

కరుణమ్మ ఆఫ్రికా కొసకు వచ్చేసరికి నడుం పట్టేసింది. అయినా లేవలేదు. లేస్తే గీత తెగుతుంది, తెగిన గీతను అతికిస్తే అతుకు కనపడుతుంది. కొంగు బిగించి, వంగినది వంగినట్టే పక్కకు జరిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి తెల్లటి పొడి ఒకే లావున జారుతోంది. తడి ఆరని పేడ అలుకు మీద పడీపడగానే కరుచుకుంటోంది.

చేవెళ్ల మిషన్ బడికి ఉన్న ఒక్క ప్రపంచ పటాన్ని చెదలు తినేసి పన్నెండేళ్లయింది. అప్పటినుంచి పటం కరుణమ్మే. ఊడ్చడానికీ నీళ్లు మోయడానికీ పెట్టుకున్న మనిషి, శుక్రవారం శుక్రవారం హాలు అలికి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా భూగోళం మొత్తం పరిచేది. అక్షరం ముక్క రాదు. ఆకారం మాత్రం ఒకసారి చూస్తే చాలు, చచ్చినా మరిచిపోదు. ఇంగ్లీషువాళ్ల రాజ్యాలకు ఎర్రటి జాజు, నిజాం రాజ్యానికి పసుపు, సముద్రానికి ఏమీ లేదు, ఉత్త అలుకే.

పెళ్లయిన ఏడాదికి బాప్తిస్మం తీసుకున్నప్పుడు మిషన్ దొరసాని బొట్టు తుడిపించి, ఇక ముగ్గులు మానెయ్యాలంది. బొట్టు పోయినందుకు కరుణమ్మ ఏడవలేదు. ముగ్గు పోయినందుకు వారం రోజులు అన్నం సయించలేదు. పుట్టింటి సురంగల్‌లో ఆమె ముగ్గు చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవారు మరి. పటం పని దొరికాక ఆ వేళ్లకు మళ్లీ ప్రాణం వచ్చింది. పటం ముగ్గు కాదు గనక ఎవరూ అడ్డుచెప్పలేదు.

చరిత్ర చెప్పే శాంతయ్య ఆ బడి బోర్డింగులో ఆమె పోసిన గంజి తాగి పెరిగినవాడే. సిటీలో చదివి పంతులై వచ్చాడు. అతనికో పిచ్చి ఉంది. జరిగింది చెప్పి ఊరుకోడు, అట్ల జరగకపోతే ఏమయ్యేది అంటాడు. పోర్చుగీసు ఓడ నడిసముద్రంలో మునిగిపోతే? ఫ్రెంచివాళ్లు గెలిచి ఉంటే? ఆ వారం కరుణమ్మ దానికి తగ్గట్టు ప్రపంచాన్ని మార్చి గీయాలి. ఒకసారి తనూ అడిగింది.

"మా సాముయేలు గత్తరల పోకపోతే పటం ఎట్లుంటుండె, సారూ?"

శాంతయ్య నవ్వాడు. "దానికి పటం మారదవ్వా."

నిజమే, కలరాతో మొగుడు చస్తే దేశాల హద్దులు మారతాయా? అయినా ఆ పూట ఆమెకు చాలా బాధేసింది.

ఈ వారం అతను తెచ్చిన ప్రశ్న మాత్రం నెత్తి మీదికి తెచ్చేది. ఇన్నూరేళ్ల కింద మొదటి నిజాం దక్కన్‌లో ఆగకుండా ఢిల్లీకి తిరిగిపోయి ఉంటే? నలభై ఎనిమిది ఆగస్టు, నిజాం ఢిల్లీలో కలవనని మొండికేసిన కాలం. రజాకార్ల భయానికి మనుషులు దగ్గాలన్నా అటూ ఇటూ చూసుకుంటున్న రోజులు. "ఒద్దు బిడ్డా," అంది కరుణమ్మ. వినలేదు. హిందూదేశమంతా ఢిల్లీ కింద పచ్చటి ఆకుపొడి పరిపించాడు. పసుపు ముంత మూత తీయనే లేదు.

పోలీసు లారీ చప్పుడు అప్పుడే వినపడింది. కిటికీలోంచి చూసిన శాంతయ్య ముఖం పాలిపోయింది.

"అమీన్ వస్తుండవ్వా. ఎవడో చెప్పిండు. పసుపు పొయ్యి, తొందరగ!"

"పచ్చ మీద పసుపు పోస్తే రెండూ కనపడ్తయి."

చీపురు అందుకుని అతను రెండుసార్లు గీకాడు. తెలుపు చెదిరిందే గానీ పోలేదు. కరుణమ్మ అతన్ని భుజంతో పక్కకు నెట్టింది.

"జరుగు."

ఆఫ్రికా చుట్టూ రెండో గీత లాగి కొస వంచింది. మామిడిపిందె అయింది. హిందూదేశానికి మూడు రేకులు పెడితే ఆకుపచ్చ మొగ్గ. అమెరికాలు రెండూ జంట చిలకలు. సముద్రం నిండా చుక్కలు పోసి మెలికలు తిప్పింది. యూరపును ఏం చేయాలో తోచక పసుపు ముంత బోర్లించి నడిమి పువ్వు చేసేసింది. గీత ఎక్కడా తెగలేదు. అంత భయంలోనూ, దేవుడు క్షమించుగాక, ఆమెకు హాయిగా ఉంది.

అమీన్ బూట్లతో గడపలో నిలబడ్డాడు. వెనక జవాను కుర్మయ్య.

"నక్షా ఏది?"

"నక్షా లేదు సర్కార్. ముగ్గు."

అమీన్ చూశాడు. మొగ్గలూ చిలకలూ తప్ప ఏమీ కనపడలేదు. వెనక్కి తిరగబోతుంటే కుర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"కిరస్తానోళ్లు ముగ్గెయ్యరు సాబ్. ఈ ముసల్ది మా సురంగల్‌దే, నాకెర్కే."

శాంతయ్య పెదవి తడుపుకున్నాడు. వీడు నోరు తెరిస్తే అయిపోయినట్టే అనుకుని కరుణమ్మే ముందు అంది.

"ఏసిన అయ్యా. ముప్పైమూడేండ్లు ఆపుకున్న. ఇయ్యాల పానం ఆగలే."

అంటుంటేనే కళ్లనీళ్లు వచ్చాయి. అవి దొంగ కన్నీళ్లు కావు.

అమీన్ అమాయకుడేం కాదు. ఆమెను కాదు, శాంతయ్యను చూస్తూ మాట్లాడాడు. "అచ్చా. ముగ్గే అయితే మీ పాదిరి కాగితం రాసియ్యాలె. ఈమె గుడిల ముగ్గేసిందని, బడిల నుంచీ మతంల నుంచీ తీసేసినమని. సాక్షి నువ్వు. లేకుంటే లారీ ఎక్కు." జవానును అక్కడే కాపలా ఉంచి బయటికి వెళ్లాడు.

పాస్టరు స్వామిదాసుకు కబురు వెళ్లింది. ఆ హాల్లోనే ఆదివారం ఆరాధన జరిపించే మనిషి, ఆ గీతల కింద ఏముందో ఆయనకు తెలియదా? తెలిసే, తల వంచుకుని, ఒక్కొక్క మాటా రాసి చదివి వినిపించాడు. కరుణమ్మ వేలు సిరాలో ముంచి ఒత్తింది. కలం శాంతయ్య చేతికి వచ్చింది.

అతను రాయలేదు. "నేను..." అన్నాడు. కుర్మయ్య తల ఎత్తాడు.

కరుణమ్మకు శాంతయ్య నిజం చెబుతాడేమోనని భయం. చెప్పాలని ఆశ. రెండూ ఒక్కసారే ఉన్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

"పెట్టు బిడ్డా," అంది. "నేను మొయినాబాద్ దాకా నడవాలె. పొద్దుపోతే సత్తమ్మ తలుపేసుకుంటది."

సత్తమ్మ ఆమె చెల్లెలు. శాంతయ్య తల ఎత్తకుండా సంతకం చేశాడు.

ఆమె చీరల మూట చంకన పెట్టుకుని, వెళ్లొస్తానని ఎవరికీ చెప్పకుండా గడప దాటింది. దాటేముందు ఒక్కసారి బల్ల వైపు చూసింది. కాగితం మీద ఆమె వేలిముద్ర అప్పుడే ఆరిపోయింది. దాని కింద శాంతయ్య పేరు ఇంకా తడిగానే ఉంది.