డ్రమ్ము గ్యాసు ఖరీదు

మావారు బసవపున్నారావు ముసునూరు హైస్కూల్లో సైన్సు మాష్టారు. గాలిమరతో, ఒక సోలార్ పలకతో కరెంటు పుట్టించి, దాంతో నీళ్లను విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్ గ్యాసుతో పొయ్యి వెలిగిస్తానని ఎనభై ఆరులో మా మామిడితోటలో పెద్ద సరంజామా పెట్టారు. "గాలికి బిల్లు లేదు, ఎండకి బిల్లు లేదు పుష్పా!" అంటారు. మరి ఆ గాలిమర ఇనప ఫ్యాన్ ఊరికే వచ్చిందా? నాకు ఒళ్లు మండదూ!

ఫ్యాన్ వారంలో రెండు రోజులు తిరిగితే గొప్ప. తిరగని రోజుల ఖర్చంతా తిరిగిన రోజు గ్యాసు నెత్తిన పడి, దాని ఖరీదు కిరసనాయిలుకు నాలుగింతలని తేలింది. గురువారం సర్కారు తరఫున ఒక ఆఫీసరు ఈ సరంజామా చూడటానికి వస్తాడు. ఆలోగా గ్యాసు పట్టడానికి నీళ్లలో బోర్లించిన డ్రమ్ము ఒక్క రోజులో గ్యాసు నిండి పైకి లేస్తే, లెక్క దారికొస్తుందని ఈయన ఆశ. అన్నం సయించదు, కుర్చీలో నిలవరు. తువ్వాలు పైకెత్తి గాలి చూడటం, ఉసూరుమంటూ లోపలికి రావడం.

నా గాభరా వేరు. చిన్నరసాలు టెంక కట్టాయి, కోతకి ఇంకా వారం ఉంది. ఆ వారం గాలి రాకపోతే ఏడాది పంట చేతికొస్తుంది. గాలి రావాలని ఆయన, రాకూడదని నేను, ఇద్దరం ఒకే దేవుడి పటానికి దండం పెట్టేవాళ్లం.

సోమవారం కాయల బేరానికి నూజివీడు వెళ్లొచ్చేసరికి, తోటలో పనిచేసే సవరమ్మ గేటు దగ్గరే ఎదురొచ్చింది.

"అమ్మగారూ, పడమటి పక్క సరుగుడు చెట్లన్నీ అయ్యగారు కొట్టించేశారండీ. ఫ్యాన్‌కి గాలి అడ్డమంటండీ."

ఈదురుగాలి కాయల మీద పడకుండా మా నాన్న నాటిన చెట్లవి.

"మీకేమైనా మతి పోయిందా ఏంటండీ?" అని అరిచాను.

"వారమేగా పుష్పా. ఈలోగా గాలివాన రావాలని రాసుందా ఏంటి?" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం వచ్చింది, దుమ్మెత్తిపోస్తూ. ఫ్యాన్ గిర్రున తిరిగింది, డ్రమ్ము లేచింది. "పుష్పా, లేచింది, చూడు!" అని ఆయన గంతేశారు. అంతలోనే తోటంతా కాయలు టపటపా రాలడం మొదలైంది. ఆయన ఉన్నచోటే నిలబడిపోయారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మర్నాడు ఆఫీసరు గ్యాసు వెలిగించాడు. ఎండలో మంట కనపడలేదు గానీ, చెయ్యి దగ్గర పెడితే వేడి తగిలింది. "భేష్ మాష్టారూ! డ్రమ్ము గ్యాసుకి ఎంత పడిందండీ?"

ఆయన నోటుబుక్కు తెరిచారు. చెట్ల కింద పచ్చికాయల కుప్పల్ని చూసి మళ్లీ మూసేశారు.

"అవి కూడా కలపాలండీ. కలిపితే ఎవరూ కొనలేరు."

అంత కోపంలోనూ నాకు జాలేసింది.

ఆఫీసరు వెళ్లాక, "తొలకరికి సరుగుడు మొక్కలు తెస్తాను," అన్నారు.

"అవి అంతెత్తు కావడానికి ఎన్నేళ్లు పడుతుందండీ?"

ఆ లెక్క ఆయనకు తెలుసు. గోనెసంచి తీసుకుని కాయలు ఏరడానికి కూర్చున్నారు.