డెబ్బై రెండు డిగ్రీలు

పొద్దున ఎనిమిదింపావుకి దోసెల పిండి గిన్నె ఓవెన్‌లో పెట్టి లైటు వేశాను. చలికాలం వస్తే అమెరికాలోని ఈ నోవై ఊళ్ళో మా తెలుగు ఆడవాళ్ళందరం చేసే పనే ఇది. ఆ లైటు వేడికి పిండి హాయిగా పులుస్తుంది. నేనేమో రెండు స్వెటర్లు, మేజోళ్ళు వేసుకుని, నెత్తిన మా అమ్మాయి జెమీమా ఉన్ని టోపీ పెట్టుకుని, ఓవెన్ అద్దంలోంచి దాని భోగం చూస్తూ నిలబడ్డాను. ఈ ఇంట్లో పెట్టి పుట్టింది నువ్వేనే పిండీ, అనుకున్నాను.

మా ఆయన సుందర్ రాజ్ కార్ల కంపెనీలో ఇంజినీరు. ఇంటి హీటింగంతా ఆయన ఫోన్లోనే ఉంటుంది. ఆ ఫోను ఇల్లు దాటి రెండు మైళ్ళు వెళ్ళిందంటే గోడ మీది థెర్మోస్టాట్ దానంతటదే అరవై రెండు ఫారన్‌హీట్ డిగ్రీలకి దిగిపోయి, ఇంట్లో ఎవరూ లేరని ఇంగ్లీషులో చూపిస్తుంది. నేను దాని ముందే చీపురు పట్టుకుని నిలబడి ఉంటాను. ఎవరూ లేరట! మరి ఈ అంట్లు తోముతున్నదెవరు, దెయ్యమా? మొదట్లో చెప్పి చూశాను. "పని చేస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే చలెక్కడేస్తుంది పర్సిస్? గ్యాస్ రేటు ఎలా పెరుగుతోందో తెలుసా నీకు?" అన్నారు. బాపట్ల నుంచి వీడియోలో మా అత్తగారు నవోమి గారు అందుకున్నారు. "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా అమ్మా? మేం బతకలేదూ?" బాపట్లలో! ఆవిడకి చలంటే క్రిస్మస్ ఆరాధనకి శాలువా కప్పుకోవడం. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇల్లు వెచ్చబడేది నెలకోసారి, మా ఇంట్లో చర్చి వాళ్ళ గృహ కూడిక పెట్టుకున్న శుక్రవారం. ఆ రోజు మూడింటికల్లా ఆయన ఆఫీసు నుంచే డెబ్బై రెండు పెట్టేస్తారు. "షాలేం రాజు అంకుల్ పెద్దాయన, చలికి తట్టుకోలేరు" అంటారు. నలభై మందికి బిర్యానీ దమ్ముకి పెట్టి, పాటలన్నీ తెలుగులో టైపు చేసి స్క్రీన్ మీదికి ఎక్కించి, మూడున్నరకి హాల్లో నేల మీది వెంట్ దగ్గర కూలబడతాను. వెచ్చటి గాలి లంగాలోకి దూరి అది బుట్టలా పొంగుతుంది. కిటికీ బయట మంచు చప్పుడు లేకుండా రాలుతుంటుంది. ఒక్కోటీ ఎక్కడ వాలుతుందో చూస్తూ ఉంటే కళ్ళు మూతలు పడతాయి. మా సూర్యలంక సముద్రం ఒడ్డున ఇసకలో నడుస్తుంటాను, అరికాళ్ళు చురుక్కుమంటుంటాయి, ఎవరూ నన్ను పిలవరు. నా దగ్గర ఏ గిన్నే ఉండదు, చేతులు ఊరికే వేలాడుతుంటాయి. అలా ఒక గంట. సాయంత్రం ఆయన వచ్చాక కాలింగ్ బెల్ మోగుతుంది, అందరూ లోపలికొచ్చి కోట్లు విప్పుతూ "అబ్బ, మీ ఇల్లెంత వెచ్చగా ఉందండీ!" అంటారు. ఆయన మురిసిపోతారు.

గ్యాస్ ధర ఏడాది పాటు కదలకుండా కట్టేసే ప్లాన్ ఉందని ఒక కంపెనీ ఉత్తరం పంపి మూడు వారాలైంది. ఆఖరి తేదీ ఈ రోజే, మంగళవారం. నిన్న అన్నం దగ్గర మళ్ళీ అడిగాను. "ఫిక్స్‌డ్ అంటే మన కాళ్ళు మనమే కట్టేసుకోవడం. రేపు మార్కెట్ రేటు తగ్గితే?" అన్నారు. తగ్గిన ఏడాది థెర్మోస్టాట్ పెంచారా అని అడగబోయి, జెమీమా చూస్తోందని పప్పు వడ్డించాను. ధర కదలకుండా కట్టేసినా బిల్లు పెరగడం ఆగదని నాకూ తెలుసు. ఎంత కాలిస్తే అంత కట్టాలి. కానీ రేటు పెరుగుతోందన్న ఆ ఒక్క మాటా ఆయన నోట్లోంచి పోతుంది. నాకు అదే చాలనిపించింది.

అడిగి తెలుసుకుందాం, పోయేదేముంది అని ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. మధ్యలో మానేస్తే జరిమానా ఉందా, ఏడాది తర్వాత రేటు ఎంతవుతుంది, అన్నీ అడిగాను. జరిమానా లేదంది. గ్యాస్ అకౌంట్ నంబర్ కావాలంది. బిల్లులు ఆయన ఈమెయిల్‌కే వెళ్తాయి. లైన్లో ఉండమని, బేస్‌మెంట్‌లో ఇల్లు కొన్నప్పటి ఫైలు వెతికాను. మొట్టమొదటి బిల్లు దొరికింది. దాని మీద నా పేరు.

ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఏడేళ్ళ కిందట, తాళాలు చేతికొచ్చిన రోజు. ఆయన ఆఫీసులో ఉన్నారు. కడుపులో జెమీమాతో, ఒక్క కుర్చీ కూడా లేని హాల్లో నేల మీద కూర్చుని గ్యాస్ కనెక్షన్‌కి ఫోన్ చేసింది నేనే. ఈ ఇంట్లో మొదటి వెచ్చదనం నేను పిలిస్తే వచ్చింది. అప్పట్లో నాకు ఉద్యోగం కూడా ఉండేది. ఛీ, ఇన్నేళ్ళూ నా పేరు మీదున్న దానికి నేను ఆయన్ని బతిమాలుతున్నాను!

"మేడమ్, ఇది రికార్డ్ అవుతుంది" అంది అమ్మాయి. "ఈ అకౌంట్ గురించి నిర్ణయం తీసుకునేది మీరేనా?"

బిల్లు మీది నా పేరు ఇంకోసారి చదువుకున్నాను.

"అవును" అన్నాను. ఆ అమ్మాయికి సరిగ్గా వినబడలేదట, ఇంకోసారి చెప్పమంది. ఈసారి గట్టిగానే చెప్పాను.

కొత్త ధర వచ్చే నెల నుంచి. నేను అప్పటిదాకా ఆగదలుచుకోలేదు. థెర్మోస్టాట్ దగ్గరికెళ్ళి, ఆయన ఫోన్‌ని బట్టి ఇంట్లో మనుషులున్నారో లేదో తేల్చే ఆప్షన్ ఎక్కడుందో వెతికి, తీసేశాను. డెబ్బై రెండు పెట్టాను. కింద బేస్‌మెంట్‌లో ఇంటిని వేడిచేసే ఫర్నేస్ గుర్రుమంది. టోపీ తీసి, ఒక స్వెటర్ విప్పి, వెంట్ దగ్గర కూర్చున్నాను. లంగా మెల్లగా పొంగింది. నలభై మందికి వంట ఏమీ మొదలు పెట్టలేదు, అయినా ఇల్లు వెచ్చగా ఉంది. ఇసక కాళ్ళకి తగులుతుండగా ఫోన్ మోగింది.

"పర్సిస్, యాప్‌లో డెబ్బై రెండు చూపిస్తోందేంటి?" ఆయన గొంతులో కంగారు. "ఇవాళ కూడిక కాదుగా! ఇంటికి ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదండీ" అన్నాను. "నేనున్నాను."