తొడ ఎముకలో కాపురం

నేను ఒక ఉక్కు కడ్డీని. నా తోటివాళ్ళు వంతెనలకూ రైలు పట్టాలకూ పోతే, నన్ను మూరెడు పొడవున నున్నగా సానపట్టి అప్పలకొండ తొడ ఎముకలో దించారు. ఆమెకు నలభై దాటాయి. విజయనగరంలో ఎండ పొడ తగలని గదిలో పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కే మనిషి. గడప దగ్గర జారితే తొడ విరిగింది.

మళ్ళీ మిషను తొక్కాలన్నదే ఆమె ఆశ. నేనున్నాను కదా అనుకున్నాను. ఉక్కుకు ఆ మాత్రం పొగరు ఉంటుంది. లోపలికి వెళ్ళాక తెలిసింది, నన్ను పట్టుకోవలసిన ఎముకే గుల్ల అని.

భర్త సింహాద్రి మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. గోధుమ బలమని ఎవరో చెబితే ఆమెకు అన్నం మాన్పించి, తనే పిండి కలిపి రెండు పూటలా చపాతీలు కాల్చేవాడు. తిన్నప్పుడల్లా ఆమెకు కడుపు ఉబ్బేది, విరేచనాలయ్యేవి. చిన్నప్పటి నుంచీ చోళ్ళు, అదే రాగులు, తిని పెరిగిన మనిషి.

"గుక్కెడు సోడంబలి కాసియ్యి మావా," అని బతిమాలేది.

"జబ్బు మనిసికి అంబలేటే? నలుగురూ నవ్వుతారు. గోధుమలు తింటేనే ఎముక బిగుస్తాది," అంటూ ఇంకో చపాతీ వేసేవాడు. కాల్షియం బిళ్ళలూ వేళకు మింగించేవాడు. అవేవీ నా దాకా రాలేదు. ఇంత ప్రేమగా చంపుకోవడం మనుషులకే చేతనవును.

ఏడాది తిరగకుండా రెండో కాలూ విరిగింది. అప్పుడొక డాక్టరమ్మ రక్తం, పేగు పరీక్షలు చేయించి చెప్పింది: "ఈమెకు గోధుమ పడదు. అది పేగును పాడుచేసింది, అందుకే మింగిన కాల్షియం ఒంటికి పట్టలేదు. ఎండ లేక డి విటమిన్ కూడా అడుగంటింది. ఇక బియ్యం, చోళ్ళు పెట్టండి."

సింహాద్రి గోడకు తల ఆనించి, "నానే తినిపించినాను గదా," అన్నాడు.

మంచం పట్టిన అప్పలకొండకు ఛాతీలో నిమ్ము చేరింది. అంబలి కాచి తెచ్చేసరికి గుటక పడలేదు.

ఆమె పోయిన మూడో రోజు శ్మశానంలో ఎముకలు ఏరబోతే వేలు తగలగానే పొడి అయిపోయాయి. గట్టిగా మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. ఎముకల కుండలో నాకు చోటు లేదన్నారు పెద్దలు. పక్కకు విసిరేశారు. నాకు సిగ్గేసింది.

పోయినవాళ్ళకు ఇష్టమైనది పెట్టాలట. సింహాద్రి బిందెతో అంబలి తెచ్చి, గ్లాసు గ్లాసుగా బూడిద మీద పోశాడు.

"తాగే కొండా," అన్నాడు. "ఇంకా ఉన్నాది."