జ్ఞానతల్లి చెప్పిన పేరు

మైకులో క్షమించడం తేలిక. మా పేటలో చాలామంది ఆ పని చేశారు. చేసి, చప్పట్లు కొట్టించుకుని, ఇంటికెళ్ళి చేపల పులుసుతో భోంచేశారు. మాణిక్యం వదిన కూడా అలాగే చేసింది. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క దడి. అందుకని ఆ తర్వాత జరిగినదంతా నాకు తెలిసింది. చప్పట్లు కొట్టినవాళ్ళకు తెలియలేదు.

మాది దివిసీమలో కోడూరుకు అవతల, ఉప్పుగాలి తగిలే చోటు. ఒకప్పుడు వరి పండిన చేలన్నీ ఇప్పుడు రొయ్యల చెరువులు. వదిన కొడుకు జీవన్ కుమార్, వాడి స్నేహితుడు అబ్రహాము ఒకే చెరువు మీద పనిచేసేవారు. రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళను చిలికే ఏరియేటర్లు ఉంటాయి కదా, ఒకరోజు వాటి చక్రానికి నాచు చుట్టుకుంది. జీవన్ స్విచ్ కట్టేసి, నాచు తియ్యడానికి నీళ్ళలోకి దిగాడు. గట్టు మీద అబ్రహాము ఫోన్లో మాట్లాడుతూ వచ్చాడు. చక్రాలు ఆగిపోయి ఉన్నాయేమిటనుకున్నాడు. చెరువు వైపు చూడకుండానే స్విచ్ వేశాడు. ఎక్కడో వైరు తెగి ఉండడంతో కరెంటు నీళ్ళలోకి దిగింది.

వదినకు భర్త అంతకుముందే పోయాడు, ఉన్నది ఆ ఒక్క కొడుకే. పొరపాటున జరిగిందని పోలీసులు తేల్చారు, పెద్దలు తేల్చారు, పేట తేల్చింది. తేల్చుకోలేనిది వదిన ఒక్కతే. అబ్రహాము ఇక్కడ తలెత్తుకు తిరగలేక గుడివాడ వెళ్ళి ఒక రైసు మిల్లులో చేరాడు. అక్కడే రేవతిని పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళు పేట మొహం చూడలేదు.

ఈ ఏడాది తపస్సు కాలంలో, ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, మా గుడిలో ధ్యాన కూటాలు పెట్టారు. బందరు వైపు నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మంచి గొంతు, దానికి తగ్గట్టు రెండు పెద్ద స్పీకర్లు. చివరిరోజు ఆయన, మనసులో ఎవరి మీదైనా కోపం ఉన్నవాళ్ళు ముందుకు రండి, తప్పు చేసినవాళ్ళూ రండి అన్నాడు. వెనక వరసలో నుంచి అబ్రహాము లేచి వచ్చి పీఠం ముందు మోకరించాడు. వాడు వచ్చాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గుడిలో ఉన్న తలలన్నీ వదిన వైపు తిరిగాయి.

వదిన, మరియమాత పేరున ప్రార్థనలు చేసే మరియదళంలో సభ్యురాలు. ప్రతి శనివారం జపమాల చెప్పించే మనిషి. అన్ని కళ్ళు తన మీద ఉంటే ఆమె ఏం చేస్తుంది? లేచి వెళ్ళింది. ప్రసంగీకుడు మైకు చేతికిచ్చాడు.

"నేను వీణ్ణి క్షమించానండి. నాకు జీవన్ ఎంతో వీడూ అంతే. ఈ రోజు నుంచి వీడూ నా కొడుకే" అంది.

చప్పట్లు మోగాయి. పాటల బృందం అడగకుండానే పాట అందుకుంది. ఆ వీడియో సాయంత్రానికల్లా మా గుడి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. అవనిగడ్డలో ఉన్న మా మరిది కూడా నాకు పంపాడు, నేనక్కడ లేనట్టు.

అక్కడితో అయిపోయుంటే ఇందులో చెప్పడానికేమీ లేదు. కానీ అబ్రహాము ఆ మాట నమ్మాడు.

వారం తిరక్కుండా భార్యనీ చంటిబిడ్డనీ తీసుకుని గుడివాడ నుంచి వచ్చేశాడు. వాళ్ళ నాన్న ఇల్లు పేట చివర ఖాళీగానే ఉంది, అందులో దిగాడు. ఇంతకుముందు వదినను పెద్దమ్మా అనేవాడు, ఇప్పుడు అమ్మా అనడం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే వచ్చి, ట్యాంకరు రాగానే బిందెలు నింపి పెట్టేవాడు. వంటింటి రేకు గాలికి ఎగిరితే బిగించాడు. గొడ్లచావిడి వెనక కలుపు పీకాడు. ఎవరూ చెయ్యమనలేదు. కొడుకైనవాణ్ణి ఎవరు అడగాలి?

వదిన వాడికి కాఫీ ఇచ్చేది. కానీ చేతికిచ్చేది కాదు. గ్లాసు కిటికీలో పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. పంటి నొప్పి ఉన్న మనిషిలా ఉండేది ఆమె ముఖం.

"వీడేంటొదినా, నిజంగానే కొడుకైపోయాడు?" అంది ఒకరోజు దడి దగ్గరికి వచ్చి.

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు. నాకు వాడి చెయ్యి చూస్తే స్విచ్చే కనిపిస్తుంది" అంది. నా నవ్వు పోయింది.

మట్టలాదివారం ముందు అబ్రహాము రేవతిని వెంటబెట్టుకుని వచ్చాడు. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలి, మీరే జ్ఞానతల్లిగా నిలబడాలి అని అడిగాడు. నేనక్కడే ఉన్నాను. అడిగి ఊరుకోలేదు, "పేరు జీవన్ కుమార్ అని పెట్టుకుంటామమ్మా, మీరు ఒప్పుకుంటే" అన్నాడు. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఫాదర్ గారు బిడ్డ పేరు అడిగినప్పుడు తల్లిదండ్రులు నోరు విప్పరు. బిడ్డను ఎత్తుకున్న జ్ఞానతల్లే పేరు చెప్పాలి. ఆమె ఏ పేరు చెబితే అదే ఆ బిడ్డ పేరు. అంటే తన కొడుకు పేరు, ఆ కొడుకు చావుకు కారణమైనవాడి బిడ్డకు, వదిన తన నోటితో ఇవ్వాలి.

వదిన లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. అబ్రహాము, రేవతి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. నా వరకు నాకు, నాలుగేళ్ళలో ఆమె చేసిన నిజాయితీ గల పని అదొక్కటే అనిపించింది.

మర్నాడు ఆమే వాళ్ళింటికి కబురు పంపింది, సరే, ఆ పేరే పెడదామని. పేటంతా పొంగిపోయింది. మరియదళం పెద్ద రాఘవమ్మగారు గుడి మెట్ల మీద నిలబడి, "మనసంటే మాణిక్యానిదండీ, మనమూ ఉన్నాం ఎందుకూ" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. నేను కూడా మెచ్చుకుందామనే దడి దాటి వెళ్ళాను. వదిన చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఎలా ఒప్పుకున్నావొదినా?" అన్నాను.

"రోజూ పిలవాలి కదా" అంది తలెత్తకుండా. "అన్నానికి పిలవాలి, స్నానానికి పిలవాలి. తిట్టాలన్నా ఆ పేరే పెట్టి తిట్టాలి. పిలిచినప్పుడల్లా వాడికి గుర్తుకు రావాలి. చచ్చేదాకా పిలవనీ."

ఎంతో ప్రశాంతంగా అంది ఆ మాట. పోలీసులు వెయ్యలేని శిక్ష వేసింది, పైగా అది దయ అని పేటలో అందరి చేతా అనిపించుకుంది. అబ్రహాము దాన్ని కోరి తెచ్చుకున్నాడు. తన బిడ్డకు ఆ పేరు పెడితే చేసిన తప్పులో కొంతైనా తీరుతుందనుకున్నాడు, పిచ్చివాడు.

పాస్కా పండుగ, అంటే ఈస్టరు, తర్వాతి ఆదివారం, దైవకారుణ్యం పండుగ రోజున, జ్ఞానస్నానం అనుకున్నారు. బిడ్డకు తెల్లబట్టలు జ్ఞానతల్లే తేవాలి గనక శుక్రవారం పొద్దున వదిన అవి తీసుకుని వాళ్ళింటికి బయల్దేరింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

అబ్రహాము ఇంట్లో లేడు. బిడ్డ చీర ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. రేవతి గుడివాడ పిల్ల, నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది. "పేరు అలవాటవ్వాలని ఇప్పట్నుంచే పిలవమన్నానండీ. ఆయన ఉయ్యాల దగ్గర కూచుంటారు. జీవన్ అంటారు. ఒక్కసారి అంటారండీ, అంతే, లేచి బయటికెళ్ళిపోతారు. నిన్నయితే అన్నం కూడా తినలేదు. బిడ్డనెత్తుకోవడం కూడా తగ్గించేశారు. నాకేం తోచట్లేదండీ" అంది.

వదిన బట్టల పొట్లం ఆమె చేతిలో పెట్టి వచ్చేసింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే తింది. వంకాయ కూర బాగుందని మారు వడ్డించమంది. ఆమె అంత తృప్తిగా తినగా నేను చూడలేదు.

"బిడ్డనెత్తుకోవట్లేదట వాడు" అంది చెయ్యి కడుక్కుంటూ. కాసేపాగి మళ్ళీ అంది, "ఎత్తుకోవట్లేదట." రెండోసారి అన్నప్పుడు గొంతులో తృప్తి లేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

శనివారం సాయంత్రం ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళింది. జ్ఞానతల్లి కాబోయేవాళ్ళు చెయ్యాలి. మామూలుగా వదిన లోపలికెళ్ళిందంటే కందిపప్పు ఉడికేలోపు బయటికొస్తుంది. ఆవేళ ఎంతకీ రాకపోయేసరికి వెనక వరసలో వాళ్ళు విసుక్కుని, కొంతమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. లోపల ఏం చెప్పుకుందో అడగకూడదు. నేను అడగలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంతవరకే చూశాను.

ఆదివారం గుడి నిండిపోయింది. జ్ఞానస్నానాలకు అంతమంది రారు. వీడియో చూసినవాళ్ళంతా వచ్చారు. కొందరు ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర వదిన బిడ్డను ఎత్తుకుని నిలబడింది. పక్కన రేవతి, ఆ పక్కన అబ్రహాము. వాడు తల వంచుకుని, దెబ్బ పడబోతోందని తెలిసినవాడిలా భుజాలు దగ్గరికి లాక్కుని ఉన్నాడు.

"ఈ బిడ్డకు ఏం పేరు పెడుతున్నారు?" అని ఫాదర్ గారు అడిగారు.

ఫాదర్ గారు మళ్ళీ అడిగారు. వదిన బిడ్డ వైపు చూడలేదు. అబ్రహాము వైపు చూసింది. ఆ వంచిన తలనీ ఆ భుజాలనీ చాలాసేపు చూసింది.

"జోజి" అంది.

గుడిలో గుసగుసలు లేచాయి. ఫాదర్ గారు చేతిలో కాగితం చూసుకుని, "జీవన్ కుమార్ అన్నారు కదమ్మా?" అన్నారు.

"కాదు ఫాదర్. వీడి పేరు జోజి."

అబ్రహాము చివ్వున తలెత్తాడు. వాడి ముఖం పాలిపోయింది. ఆనవాయితీ ప్రకారం నోరు విప్పడానికి లేదు. ఫాదర్ గారు రేవతి వైపు చూశారు, ఆమె బిక్కమొహం వేసింది. చివరికి ఆయన జోజి అని పిలిచి, బిడ్డ తల మీద నీళ్ళు పోశారు. బిడ్డ గుడి ఎగిరిపోయేలా ఏడ్చాడు.

పూజ అయ్యాక చూడాలి మా వాళ్ళను. మెట్లు దిగకముందే తీర్పులు మొదలయ్యాయి. "మైకులో ఒకటి, తొట్టి దగ్గర ఒకటి" అంది రాఘవమ్మగారు అందరికీ వినబడేలా. "కడుపులో కక్ష ఎక్కడికి పోతుందండీ? పేరు కూడా ఇవ్వలేకపోయింది." పదిమంది తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి నాలుగు దులిపేద్దామని చెంగు దోపుకున్నాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అననీ వదినా" అంది.

అప్పుడే అబ్రహాము వచ్చాడు. "అమ్మా, మీకు ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది. మీరు నన్ను క్షమించారనే అనుకున్నానమ్మా" అన్నాడు.

"మైకులో చెప్పినప్పుడు క్షమించలేదురా" అంది వదిన. "ఆ పేరు పెట్టుకోమన్నప్పుడూ క్షమించలేదు. అప్పుడైతే నిన్ను ఇంకా ఏడిపిద్దామనుకున్నాను."

వాడికి అర్థం కాలేదు. వదిన బిడ్డను వాడి చేతుల్లో పెట్టింది. వాడు తడబడ్డాడు. బిడ్డ చెయ్యి తీసి వాడి మెడ చుట్టూ ఆమే వేసింది.

"నా కొడుకుని నేను పిలుచుకుంటాను. నీ కొడుకుని నువ్వు పిలుచుకో" అంది.

అబ్రహాము కాసేపు బిడ్డ ముఖంలోకి చూశాడు. "జోజీ" అన్నాడు, మెల్లిగా, మంట ముట్టుకుంటున్నవాడిలా. ఏమీ కాలేదు. "జోజీ, ఒరేయ్ జోజిగా" అని మళ్ళీ పిలిచాడు. ఈసారి అందరు తండ్రుల్లాగే పిలిచాడు. పిలుస్తూ బిడ్డ బొజ్జలో ముఖం పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. రేవతి కంగారుపడి దగ్గరికి వచ్చింది.

వదిన చెంగుతో ముఖం తుడుచుకుని, గుడి వెనక సమాధుల వైపు నడిచింది. నేను వెంట వెళ్ళలేదు. కాసేపటికి అటువైపు నుంచి ఆమె గొంతు వినిపించింది. బడి నుంచి ఆలస్యమైన పిల్లవాడి కోసం వీధిలోకి వచ్చి కేకేసే తల్లిలా, "జీవన్" అని గట్టిగా పిలిచింది.