కొలంబోలో ఆ తర్వాత జరిగింది

కథ సగమే చెప్పాడన్నది మారియప్ప కోపం. అబద్ధం చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. చెప్పిన సగంలో ఒక్క మాటా అబద్ధం లేదు. అందుకే కాదనడానికి వీల్లేకుండా పోయింది.

చెప్పినవాడు గుర్రప్ప. మారియప్ప భార్య కదిరమ్మకు అన్న, కృష్ణగిరిలో వాళ్ల మేళానికి పెద్ద. గుర్రప్పది నాదస్వరం, మారియప్పది డోలు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని వాయిస్తున్నారు.

1957 ఆడి నెలలో, జూలై చివర, కొలంబోలో ఒక గుడి ఉత్సవానికి ఈ మేళాన్ని పిలిపించారు. సామల్పట్టిలో రైలెక్కారు, ధనుష్కోడిలో ఓడెక్కారు, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కారు. ఉత్సవం ముగిశాక తిరుగు ప్రయాణానికి మూడు రోజులు మిగిలాయి. తమ వైపు కల్లావి అనే ఊరి నుంచి వెళ్లి అక్కడ ఒక కొట్టులో గుమాస్తాగా ఉంటున్న శేషప్ప ఆ మూడు సాయంత్రాలూ వాళ్లకు ఊరు చూపించాడు.

మొదటి రోజు సముద్రపు గట్టు మీద నడిచారు. బండి దగ్గర వడలు కొంటే వడ మీద రొయ్య అతికించి ఉంది. గుర్రప్ప రొయ్యను పీకి శేషప్ప చేతిలో పెట్టి వడ తిన్నాడు. మారియప్ప రొయ్యతోనే తిని ఇంకొకటి అడిగాడు. రెండో రోజు ఒక వీధి మలుపులో నలుగురు పాడుతుంటే విన్నారు. ఒకడు హార్మోనియం లాంటి పెట్టెను ఛాతీకి కట్టుకుని సాగదీస్తూ వాయించాడు. వినేవాళ్లు వీధిలోనే ఆడారు. బియ్యం సంచీ చంకన పెట్టుకున్న ముసలామె కూడా నాలుగు అడుగులు వేసి తన దారిన పోయింది. మారియప్ప ఆమెను చూసి నవ్వి, పాట ఆగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మూడో రోజు ఒక వర్తకుడి ఇంటి గృహప్రవేశంలో వాయించి, అటునుంచి అటే సముద్రం ఒడ్డున ఉన్న హోటలుకు వెళ్లారు. అక్కడి బేరరు శేషప్పకు తెలిసినవాడు. వరండాలో గోడవార బల్ల చూపించాడు. నేల తడిగా ఉండటంతో మారియప్ప డోలును ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లకు అంటించిన తొడుగులు ఇంకా ఊడదీయలేదు. లోపల దీపాల కింద ఆరుగురు బ్యాండు వాయిస్తున్నారు. దొరలూ, దొరసానులూ, ఆ ఊరి పెద్దమనుషులూ జంటలుగా ఆడుతున్నారు. రెండు పాటలయ్యేసరికి మారియప్పకు తాళం దొరికింది. మూడు మూడుగా నడుస్తోంది. తిశ్రం. మన తాళం ఈళ్లకెట్ల వచ్చిందప్పా అనుకుంటూ మోకాలి మీద వేశాడు.

అప్పుడు ఎదురు బల్ల దగ్గరి దొర చూపుడువేలు ఎత్తి ఆడించాడు.

పెళ్లిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు అట్లా వేలెత్తి ఆడిస్తాడు. ఆ వేలు కనబడగానే ఏ పాట నడుస్తున్నా ఆపి గట్టిమేళం కొట్టాలి. తుమ్మో ఏడుపో ఎవరి చెవినా పడకూడదు. డోలువాడి కళ్లు పెళ్లికూతురి మీద ఉండవు, వేలి మీద ఉంటాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ వేలిని చూసిన చేతులు మారియప్పను అడగలేదు. గట్టిమేళం కొట్టేశాయి. బ్యాండు ఆగింది. ఆడేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. బేరరు చేతిలో పళ్లెం జారింది.

గుర్రప్ప కథ ఇక్కడికే ముగుస్తుంది. “దొర కాఫీకి వేలెత్తినాడు. మా మారియప్ప తాళి కట్టించేసినాడు!” అంటాడు. విన్నవాళ్లు పొట్ట పట్టుకుంటారు.

తిరిగొచ్చాక కృష్ణగిరిలో మొదటి పెళ్లిలోనే ఆ కథ చెప్పాడు. ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ అడిగి చెప్పించుకున్నారు. టీ అంగడి దగ్గర మారియప్ప కనబడితే చాలు, ఎవరో ఒకరు వేలెత్తి ఆడించేవారు. అదైనా ఓర్చుకున్నాడు. సామల్పట్టి నుంచి ఒక ఇంటివాళ్లు మేళం మాట్లాడటానికి వచ్చి, డోలుకి వేరే మనిషి లేడా అని అడిగారు. వేలికీ వేలికీ తేడా తెలియనివాడు ముహూర్తం చెడగొడతాడేమోనని వాళ్ల భయం. ఆ రోజు మారియప్ప అన్నం ముట్టలేదు.

“శేషప్పకు జాబు రాయించు. ఉన్నదున్నట్ల రాసి పంపిస్తాడు” అంది కదిరమ్మ.

“రాస్తే? పెండ్లి పెండ్లికీ కాయితం చేత పట్టుకొని పోయేదా? మీ అన్న ఆడనే ఉన్నాడు కదా. కండ్లుండాయి, చూసినాడు. నోరుండాది, చెప్పమను.”

“అడగరాదా?”

“అడిగినా. నవ్వేదానికి చెప్పినానప్పా, దానికింత కోపమేల అన్నాడు. నవ్వేది ఎవురు, నవ్వించుకొనేది ఎవురు?”

మిగతా సగం ఇది. బ్యాండులో డ్రమ్ములు కొట్టే డొమినిక్ అనేవాడు ముందు నవ్వాడు. తర్వాత గట్టిమేళం చివరి వరసను తన కర్రలతో తప్పు లేకుండా తిరిగి కొట్టాడు. మారియప్ప బదులిచ్చాడు. అతను మళ్లీ కొట్టాడు. లోపలికి రమ్మని సైగ చేసి, కుర్చీ వేయించాడు. మారియప్ప జన్మలో కుర్చీ మీద కూర్చుని వాయించలేదు. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ కాళ్లకు మెలివేసుకున్నాడు. మూడుగా నడిచేదాన్ని ఐదుగా విరిచి మళ్లీ మూడులో కలిపాడు. డొమినిక్ ఒకసారి తప్పి, చేతులు జోడించి, రెండోసారి పట్టుకున్నాడు. అరగంట సాగింది. ఎవరూ ఆడలేదు. నిలబడి విన్నారు. పెళ్లిళ్లలో జనం మాటలాపి డోలు విన్న రోజు మారియప్పకు ఒక్కటీ గుర్తు లేదు. అక్కడ విన్నారు. అయ్యాక చప్పట్లు కొట్టారు. ఆ అరగంటా గుర్రప్ప వరండాలో బల్ల దగ్గరే, సంచిలోంచి తీయని నాదస్వరంతో కూర్చున్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

మరుసటి ఏడు పెళ్లిళ్ల నెల ఆవణిలో హోసూరులో లక్ష్మణప్ప కూతురి పెళ్లి వచ్చింది. లక్ష్మణప్ప చింతపండు వర్తకుడు. ముహూర్తం తెల్లవారి ఆరింటికి. ముందు రోజు సాయంత్రం పందిట్లో చుట్టాలు చేరాక, లక్ష్మణప్ప మేళంవాళ్ల చాప దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా గుర్రప్పా, ఆ కొళంబు కత మావాళ్లు విన్నేలేదు. చెప్పు.”

గుర్రప్ప చెప్పాడు. తాళి కట్టించేసినాడు అన్నచోట పందిరంతా నవ్వింది. లక్ష్మణప్ప కళ్లు తుడుచుకుని వేలెత్తి ఆడించాడు. “ఏదీ, ఒకసారి కొట్టి చూపించు మారియప్పా.”

మారియప్ప డోలును పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

“సామీ, ఆ పైన ఏం జరిగిందో అడగండి బావను.”

“ఆ పైన ఏముంది గుర్రప్పా?”

గుర్రప్ప నాదస్వరం నోటికి పెట్టుకోబోయి దించాడు. మారియప్ప వైపు చూడలేదు.

“ఏముంటుంది సామీ. ఆ పైన కాఫీ వచ్చింది.”

మళ్లీ నవ్వులు. ఆ నవ్వు ఆగేదాకా మారియప్ప నిలబడే ఉన్నాడు.

“పొద్దున ముహూర్తానికి కొడతాను సామీ. అది ఆ బిడ్డది. దాన్ని చెరిపే హక్కు నాకు లేదు. అది అయిన గడియ నుంచి ఈ మనిషి పక్కన చాప మీద కూర్చోను. నాలుగూళ్లలో నన్ను కాఫీకీ తాళికీ తేడా తెలియనోణ్ణి చేసినాడు. తనకు తెలుసు, అది కాదని.”

“పెండ్లింట్లో ఏమప్పా ఈ గొడవ? తమాషా మాట అది” అన్నాడు లక్ష్మణప్ప.

“తమాషా మీకు సామీ. సామల్పట్టివాళ్లు నన్ను వద్దన్నారు.”

గుర్రప్ప తల వంచుకుని నాదస్వరం పీకను తుడుస్తూ కూర్చున్నాడు. మిగతా సగం చెప్పడానికి అదే సమయం. అందరూ అతని వైపే చూస్తున్నారు. వంటవాడు వచ్చి విస్తళ్లు వేశామని కేకేశాడు. జనం లేచారు.

తెల్లవారి పురోహితుడు వేలెత్తాడు. మారియప్ప గట్టిమేళం కొట్టాడు. ఆ గంటలో అతను కొట్టిన దెబ్బల్లో వంక పెట్టేందుకు ఏమీ లేదు.

పదింటికి ఇద్దరూ హోసూరు బస్టాండులో నిలబడ్డారు. గుర్రప్ప అన్నాడు.

“ఆ పొద్దు నువ్వు బాగా వాయించినావు మారీ. అట్ల వాయించినోణ్ణి నేను చూడలేదు. కడుపులో మంట పుట్టింది నాకు. అందుకే.”

“నాకు చెప్తే ఏం లాభం బావా? నేను ఆడనే ఉన్నా కదా.”

“మరి ఎవురికి చెప్పేది?”

“ఆ సగం ఎవురికి చెప్పినావో, వాళ్లకే. పందిరి ఇంగా ఈడనే ఉండాది. భోజనాల రెండో పంక్తి కూడా లేచి ఉండదు.”

గుర్రప్ప పందిరి ఉన్న వీధి వైపు చూశాడు. రెండడుగులు వేశాడు కూడా. కృష్ణగిరి బస్సు వచ్చింది. వెనక్కి తిరిగి బస్సెక్కి, పక్క సీటు మీద తువ్వాలు పరిచి, కిటికీలోంచి రా మారీ అన్నాడు. మారియప్ప ఎక్కలేదు. కండక్టరు అడిగితే తర్వాతి బస్సుకు వస్తానన్నాడు. అది పన్నెండింటికి.