చిట్టెలుక తమ్ముడి గోల

గాలికొట్టంలో పిట్ట మళ్లీ గోల మొదలుపెట్టింది. మాలన్ పాలబిందె కింద పెట్టి చెవులు రిక్కించింది.

గుప్పెట్లో ఇమిడే పిట్ట అది. మట్టిరంగు ఒళ్లు, నిక్కబొడిచిన తోక. గొంతు మాత్రం దీవి ఈ చివర కూస్తే ఆ చివర వినిపించేంత. రాళ్ల సందుల్లో చిట్టెలుకలా దూరి తిరుగుతుందని అందరూ దాన్ని చిట్టెలుక తమ్ముడంటారు. గొర్రెమాంసం గాలికి ఆరాలని కొట్టం గోడలకు చెక్కల్ని ఎడంగా కొడతారు. ఆ సందుల్లోంచి అది దర్జాగా లోపలికొచ్చి, మాంసం మీద వాలే ఈగల్నీ పురుగుల్నీ ఏరుకు తింటుంది. వసంతం రాగానే మగది నాలుగైదు గూళ్లు అల్లి, ఆడదాన్ని వెంటబెట్టుకుని అన్నీ చూపిస్తుంది. ఆవిడగారికి నచ్చిన గూట్లో ఈకలు పరుచుకుని గుడ్లు పెడుతుంది, మిగతావి దండగ. ఒక్క ఇల్లు కట్టడానికే మా ఆయన ఊరంతా వినేలా మూలిగాడని మాలన్ ఎన్నోసార్లు నవ్వింది.

ఇప్పుడామెకు నవ్వు రావడం లేదు. డేగ కనబడితే పిట్ట ఒక్క అరుపు అరిచి దాక్కుంటుంది. పిల్లి వస్తే గోడెక్కి తిడుతుంది. ఇదేమో రెండు రోజులుగా కొట్టంలో మూలనున్న గడ్డి వైపే వంగి, గొంతు పగిలేలా అరుస్తోంది.

ఆ గడ్డి మాలన్ పుట్టింటిది. అవతలి దీవి నుంచి చలికాలం చివర్లో ఆమె తండ్రి ఆవుకోసం పంపాడు. అవతలి దీవిలో పెద్దెలుకలున్నాయి, ఇక్కడ లేవు. అందుకే బయటినుంచి ఏ మోపు వచ్చినా పడవ దిగే బండమీదే విప్పి, సముద్రం వైపు దులిపాకే పైకి తెస్తారు. ఆ రోజు అలలు బండను ముంచేస్తున్నాయి. ఆమె మొగుడు హనుస్ మోపుల్ని విప్పకుండానే తాడు కట్టి పైకి లాగేశాడు. అడ్డుచెప్పబోయి, పుట్టింటిని తానే తక్కువ చేసినట్టవుతుందని మాలన్ ఊరుకుంది. అదే ఇప్పుడు ఆమె గుండెల్లో ముల్లయి కూర్చుంది.

"ఆ గడ్డి ఒకసారి తిరగేద్దామయ్యా. నాకెందుకో భయంగా ఉంది," అంది.

"పిట్ట అరిస్తే కూడా భయమేనా? ఎలుకల దీవి పిల్లవనిపించుకున్నావు!" అని హనుస్ నవ్వేశాడు.

పుట్టింట్లో కొట్టానికి ఇలాంటి పిట్ట లేదు. అక్కడి కొండ నిండా బొరియలే, ఒక్క బొరియలోనూ పక్షి లేదు. గుడ్లనీ పిల్లల్నీ పెద్దెలుకలే తినేశాయి. ఆ బొరియలు గడ్డి పట్టి మూసుకుపోయాయి. ఇక్కడ అవే బొరియల్లో రంగుముక్కు పక్షులు వేలకు వేలు పిల్లల్ని లేపుతాయి. ఊరు చలికాలం తినేది వాటినే. పెళ్లయి వచ్చిన తొలి వేకువన ఈ చిట్టిపిట్ట కూత విని మాలన్ ఏడ్చింది. ఆ కూత తనవల్ల పోతుందేమోనన్న ఆలోచన ఆమెను వదల్లేదు.

మర్నాడు పొద్దున చూస్తే కొట్టంలో పిట్టగూడు చీలి కిందపడి ఉంది. ఈకల మధ్య గుడ్డు పెంకులు. ఆడపిట్ట జాడ లేదు. మాలన్ ఆ గూటిని తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

ఎల్స్పా ముసలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒరే హనుసూ, పార పట్టుకురారా. పెళ్లాం మాట వింటే నీ మీసాలేం రాలిపోవు."

సగం గడ్డి లాగేసరికి గోధుమరంగుది ఒకటి, పిల్లికూనంతది, గోడవారగా పరుగెత్తింది. హనుస్ పార విసిరాడు. ఒక్క దెబ్బకే చచ్చింది.

"అయిపోయింది!" అన్నాడు ఆయాసపడుతూ. "సముద్రంలో పారేస్తా. ఊళ్లో ఎవరికీ చెప్పకే. మన పరువు గంగలో కలుస్తుంది."

మాలన్ దాన్ని కర్రతో వెల్లకిలా తిప్పింది. పొట్టకింద చన్నులు ఉబ్బి ఉన్నాయి. చుట్టూ బొచ్చు నాకి నాకి అరిగిపోయింది.

"ఇది పాలిస్తోందయ్యా. పిల్లలేవి?"

మిగిలిన గడ్డంతా పరకపరకగా చూశారు. ఏమీ లేదు. మాలన్ ఎలుకను తోక పట్టి లేపి, ఊళ్లోకి బయలుదేరింది.

"ఒసే, ఆగవే! మన బతుకు బజారున పడేస్తావా?" అని హనుస్ వెనకనుంచి అరిచాడు. ఆమె ఆగలేదు.

పక్కింటి రాగ్నా వాకిట్లో కూర్చుని ఉన్ని దువ్వుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఈ దీవి దాటని మనిషి. మాలన్ చేతిలోది చూసి కళ్లు విప్పార్చింది.

"అబ్బో, ఎంత పెద్ద చిట్టెలుకే మాలన్! ఇది తల్లి కాబోలు. పిల్లలు మా కొట్టం కిందున్నాయిలే, ఎంత ముద్దుగా ఉన్నాయో! మా పిల్లలు రోజూ రొట్టెముక్కలు పెడుతున్నారు. ఆ పాడు పిట్టే, ఊరికే అరిచి చస్తోంది."